లేని అతుకు

జ్యేష్ఠం, సోమవారం. దుమ్ము ఎక్కువ.

పొద్దున్నే తడి దుప్పట్లు మార్చాం. పడమటి గాలి మొదలైతే మేడిగుట్టలో అందరూ చేసే మొదటి పని అదే. కిటికీలకీ తలుపులకీ తడి దుప్పట్లు, వాటి వెనక ఇంకో తలుపు, దాని వెనక మేం. చిప్పులు అచ్చువేసే సిలికాన్ పలక మీద ఒక్క దుమ్ము రేణువు పడితే అక్కడ పుట్టాల్సిన చిప్ పుట్టదు. మధ్యాహ్నం పరీక్ష గది నాగేంద్ర తొంగిచూసి "ఇవాళ పలకలు బయటికి తియ్యట్లేదు" అని వెళ్ళిపోయాడు.

నా పనికి దుమ్ముతో సంబంధం లేదు. నాది ముసుగు గది. గదిలో నేనొక్కదాన్నే. రోజూ ఏం చేశానో రాయాలని చిప్పులు చేసే మా సంఘం నియమం. నేను కాస్త ఎక్కువే రాస్తాను, చదివేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి.

మా ఊరు బతికేది కాపరి మీద. బొట్టుబిళ్ళంత చిప్, కింద చిన్న ఇన్సులిన్ సంచి, జబ్బకి అతికించుకుంటారు. ఒంట్లో షుగర్ ఎంతుందో చూసుకుంటూ తగినంత మందు వదులుతుంది, తగ్గితే ఆపేసి కీచుమంటుంది. మందు ఎవరైనా కుండలో ఈస్టు పులియబెట్టి తయారుచేసుకుంటారు. మా వీధి కుండ మా అత్తయ్యదే, ఈస్టు పులిసిన వాసన ఇంటికి పది గడపల అవతల నుంచే వస్తుంది. కానీ ఎంత వదలాలో, ఎప్పుడు ఆపాలో తెలిసిన చిప్ చేసేది మేం ఒక్కరమే.

కాపరిని కొన్నవాళ్ళు దాన్ని పొరలు పొరలుగా అరగదీసి, ఒక్కో పొరకీ ఫోటో తీసి, తీగ తీగా గీసుకుంటే మొత్తం డిజైను వాళ్ళ చేతికొచ్చేస్తుంది. అది రానివ్వకపోవడమే నా ఉద్యోగం. తీగకీ తీగకీ అతుకు ఉన్నట్టు కనిపించే చోట నిజానికి అతుకు ఉండదు, మధ్యలో ఎంత పెద్దది చేసినా ఫోటోలో కనపడనంత సన్నటి గాజు పొర ఉంటుంది. ఒకలా కనిపించే గేటు, అంటే చిప్‌లో లెక్క తేల్చే ముక్క, ఇంకోలా పనిచేస్తుంది. చూసినవాడు చూసినట్టే గీసుకుంటాడు, వాడి చిప్ మొరాయిస్తుంది.

"మా కోడలు చిప్పుల మీద ముగ్గు పెడుతుంది. తొక్కినవాడు పడతాడు" అని అత్తయ్య మందుకొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. నేను ఇంతకంటే బాగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

జ్యేష్ఠం, గురువారం. దుమ్ము మధ్యస్థం.

దిగువ నుంచి వచ్చిన వర్తకుడు ఒక కాపరిని నా బల్ల మీద పెట్టాడు. తెప్పల ఊరిది. కృష్ణ సముద్రంలో కలిసేచోట ఒకప్పుడు పొలాలుండేవట, ఇప్పుడు నీళ్ళ మీద తెప్పలు కట్టుకుని ఉంటున్నారు.

"వలలు లాగే మనిషండీ. పనిలో ఉండగానే కళ్ళు తిరిగి నీళ్ళలో పడిపోయాడు. పక్కవాళ్ళు జుట్టు పట్టుకుని లాగారు కాబట్టి దక్కాడు. షుగర్ పడిపోతున్నా ఇది మందు ఆపలేదంట. మీ సరుకు ఇలా చేస్తే మేం మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

అతన్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, కాపరి పై కప్పు తీశాను. రంగు మాదే, గుర్తు మాదే, లోపలి బంక మాత్రం మాది కాదు.

"ఇది మేం చేసింది కాదు" అన్నాను.

"మరి ఎవరు చేసినట్టండీ?" అన్నాడు. కాపరిని నా దగ్గరే ఉంచి వెళ్ళమన్నాను.

జ్యేష్ఠం, శనివారం. దుమ్ము తక్కువ.

రెండు రోజులుగా ఇదే పని. అరగదీయడం, ఫోటో, మళ్ళీ అరగదీయడం. ఇన్నాళ్ళూ ఎవరో నా చిప్‌ని చదువుతారని ఊహించుకునేదాన్ని. ఇవాళ నేను వాళ్ళ చిప్‌ని చదువుతున్నాను.

నిజం చెప్పాలంటే ముచ్చటేసింది. ముసుగులు దాదాపు అన్నీ పట్టేశారు. కనిపించినదాన్ని నమ్మకుండా, ప్రతి అతుకులోనూ కరెంటు పారించి చూసినట్టున్నారు. ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు. అవతల ఉన్న మనిషి ఎవరోగానీ, ఒక గదిలో ఎదురెదురుగా కూర్చుంటే చాలా మాట్లాడుకునేవాళ్ళం.

ఒకే ఒక్కచోట దెబ్బతిన్నారు. షుగర్ తగ్గితే మందు ఆపే భాగంలో.

శరీరం కదులుతున్నప్పుడు చర్మం కింద కొలత అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపుని లెక్కలోకి తీసుకోకుండా వదిలెయ్యడానికి ఒక దారి ఉన్నట్టు అక్కడ తీగ గీశాం. ఆ తీగ చివర అతుకు ఉన్నట్టు కనిపిస్తుంది కానీ లేదు. మా చిప్‌లో ఆ దారి మూసుకునే ఉంటుంది. వాళ్ళు అతుకు ఉందనుకుని నిజంగానే అతికారు. అందువల్ల మనిషి ఒళ్ళు వంచి పనిచేస్తున్నప్పుడు షుగర్ గబగబా పడిపోతే, ఆ చిప్ దాన్ని ఉత్త ఊపు అనుకుంటుంది. మందు వదులుతూనే ఉంటుంది.

బల్ల మీద పెట్టి పరీక్షిస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. బల్ల వల లాగదు కదా.

ఆషాఢం, సోమవారం. చినుకులు. దుమ్ము లేదు.

చంద్రావతక్కకి చెప్పాను. ఆవిడ సంఘం అధ్యక్షురాలు. మొదటి పలక ఎండలో ఆరబెట్టిన రోజుల నుంచీ ఉన్న మనిషి. అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అయితే ముసుగు పనిచేసిందన్నమాట."

"చేసింది. కానీ చిప్ మొరాయించలేదక్కా. బాగున్నట్టే ఉండి మనిషిని పడేస్తోంది."

"మనం పడెయ్యమన్నామా? కాపీ కొట్టమన్నామా?"

"లేదు. కానీ అతుకు ఎక్కడో ఒక్క మాట చెబితే వాళ్ళు సరిచేసుకుంటారు."

"సరిచేసుకుంటారు. అప్పుడు వాళ్ళది అచ్చం మన కాపరి అవుతుంది. తప్పొక్కటీ లేని కాపీ. మన దగ్గర కొనే పనేముంది? వకుళా, ఈ గుట్ట మీద వాన పడితేనే పండే చేలు కూడా లేవు. పలకలు ఆగిపోతే జనం ఎక్కడికి పోతారు చెప్పు."

ఆవిడ చెడ్డ మనిషి కాదు. నాకు కోపం రాలేదు. కోపం వచ్చుంటే ఈ రాత్రి నిద్ర పట్టేది.

చివరికి రేడియోలో హెచ్చరిక చెప్పిద్దాం అంది. మేడిగుట్ట గుర్తున్న నకిలీ కాపరులు ప్రమాదం, వెంటనే తీసెయ్యండి. సరే అన్నాను. మాట నేనే రాసిచ్చాను.

ఆషాఢం, శుక్రవారం. వాన.

హెచ్చరిక మూడు పూటలా వెళుతోంది. వర్తకుడు మళ్ళీ వచ్చాడు.

"విన్నారండీ, అందరూ విన్నారు. నవ్వుకున్నారు. సరుకు అమ్ముడుపోక బెదిరిస్తున్నారు అనుకుంటున్నారు. అయినా తీసేసి ఏం చేస్తారు చెప్పండి. మీ అసలు కాపరి ఏడాదికో పడవ వస్తుంది, పది మందికి ఒకటి కూడా రాదు. ఇది లేకపోతే సూదితో అందాజాగా పొడుచుకోవాలి. దీనివల్ల పడినవాళ్ళ కంటే దీనివల్ల బతికినవాళ్ళే ఎక్కువ."

అది కూడా నిజమే. హెచ్చరిక రాసేటప్పుడు నాకు తట్టలేదు.

శ్రావణం, బుధవారం. దుమ్ము లేదు.

తెప్పల ఊళ్ళో ఒకామె చనిపోయింది. పేరు సుగుణ. చేపలు ఎండబెట్టే తట్టలు మోస్తూ మోస్తూ కూర్చుండిపోయిందట. ఎండకి అనుకున్నారు. జబ్బ మీద కాపరి ఉంది.

రేడియోలో ఇంతే వచ్చింది. నేను కుండ దగ్గర అత్తయ్యకి సాయం చేస్తున్నాను. వడగట్టే గుడ్డ ఒక కొస ఆవిడ చేతిలో, ఇంకో కొస నా చేతిలో.

"గుడ్డ వదిలేశావేంటమ్మాయ్?"

చెప్పాను. అతుకు సంగతి మొత్తం చెప్పాను. ఇంట్లో కూడా చెప్పకూడని విషయం అది.

అత్తయ్య కింద పడ్డ గుడ్డ తీసి, జాడించి, ఉడుకునీళ్ళలో వేసింది.

"ఎవరికైనా చెబితే నీ ఉద్యోగం పోతుందా?"

"పోతుంది. సంఘంలో వాటా కూడా పోవచ్చు."

"మరి చెప్పకపోతే నువ్వు మునుపటిలా ఉంటావా?"

ఆవిడ ఉడుకునీళ్ళలోంచి గుడ్డ తీసి పిండింది. "ఆ కొస పట్టుకో" అంది. మిగతా మందు వడగట్టాం.

శ్రావణం, ఆదివారం. ఎండ. దుమ్ము తక్కువ.

సంఘం గేటు దగ్గర ఒకామె వచ్చి కూర్చుంది. నలభై దాటుంటాయి. చేతిలో గొట్టంలా చుట్టిన పెద్ద కాగితాల కట్ట, ప్లాస్టిక్ సంచిలో తడవకుండా చుట్టింది. పేరు సలోమి అని చెప్పిందట. కాపరిని కాపీ చేసింది తనేనని కూడా చెప్పిందట. గేటు మనిషి ఏం చెయ్యాలో తెలియక మంచినీళ్ళు ఇచ్చాడు.

చంద్రావతక్క ఆమెని చూసింది, మాట్లాడింది, సర్వసభ్య సమావేశం దాకా ఆగమంది. అది వచ్చే నెల. అతిథి గది ఇచ్చింది, భోజనం పంపింది. పద్ధతి ప్రకారమే చేసింది.

సాయంత్రం చల్లబడ్డాక అతిథి గది వైపు వెళ్ళాను. సలోమి అరుగు మీద కాగితాలు పరిచి, ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టి కూర్చుంది. నన్ను చూసి లేచింది.

"ముసుగులు పెట్టేది మీరేనా అండీ?"

"నేనే. వకుళ అంటారు."

చేతులు జోడించింది. నేనూ జోడించాను. ఇద్దరికీ ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు.

"కంటి ఆస్పత్రిలో లేజర్ నడిపేదాన్నండీ. ఊరు మునిగాక మెషీను తెప్ప మీదికి ఎక్కించుకున్నాం, ఇప్పుడు చిప్పులు గీసేది దాంతోనే. మా అన్నయ్య షుగర్ తోనే పోయాడు, సూది లెక్క తప్పి. అప్పుడు మొదలుపెట్టాను. మీ ముసుగులు మూడేళ్ళు తిన్నాయి నన్ను. ఇదిగో ఈ గేటు చూశారా, దీని దగ్గర ఒక వానాకాలం మొత్తం కూర్చున్నా."

చూశాను. నాకు బాగా ఇష్టమైన ముసుగు అది. తను దాన్ని విప్పిన తీరు కాగితం మీద పెన్సిల్‌తో గీసి ఉంది, చెరిపి, మళ్ళీ గీసి.

"సుగుణ మా తెప్పే అండీ" అంది సలోమి. కాగితం మీది రాయిని అటూ ఇటూ జరుపుతోంది. "నేనే అతికించా దాని జబ్బకి. రేడియోలో మీరు చెప్పింది విన్నా. అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. అప్పటినుంచీ వెతుకుతూనే ఉన్నా. నాకు దొరకట్లేదండీ. నా బొమ్మలన్నీ మీ ముందు పెట్టా. తప్పెక్కడ చదివానో చెప్పండి. తర్వాత మీ సంఘం నన్ను ఏం చేసినా సరే."

"మీ ఊళ్ళో ఇవి ఎంతమందికి ఉన్నాయి?"

"షుగర్ ఉన్న ప్రతివాళ్ళకీ."

సమావేశం వచ్చే నెల. వల రేపు లాగుతారు, ఎల్లుండి కూడా లాగుతారు. నేను ఆలోచించడానికి వేరే ఏమీ మిగల్లేదు.

మోకాళ్ళ మీద కూర్చుని కాగితాలు జరిపాను. పై పొర బొమ్మ తీసి, ఆపే భాగం మీద వేలు పెట్టాను.

"ఇక్కడ అతుకు లేదు."

సలోమి వంగి చూసింది. నా వేలు ఉన్నచోట తన వేలు పెట్టింది. పెదాలు కదులుతున్నాయి, దారి వెంట పోతోంది. కాసేపటికి పెదాలు ఆగిపోయాయి.

"కదిలితే... పట్టించుకోదు" అంది. "అయ్యో. అయ్యో సుగుణా."

అరుగు అంచున కూర్చుండిపోయింది. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆమే తేరుకుంది.

"ఇందులోనూ కరెంటు పారించి చూశానండీ. పారింది."

"ముందు పొరలు అరగదీశారు కదా. అరగదీసేటప్పుడు లోహం కొద్దిగా సాగి ఆ గాజు పొర మీంచి అవతలికి అంటుకునుంటుంది. అందుకే పారింది. మీ తప్పు కాదు."

"మీ తప్పూ కాదనుకుంటానండీ" అంది. అది నిజమో కాదో ఇద్దరం తేల్చుకోలేదు.

తర్వాత పని మాటలు మాట్లాడుకున్నాం. ఉన్న కాపరులన్నీ పారెయ్యక్కర్లేదు. ఆ అతుకు పై పొరలోనే ఉంది కాబట్టి కప్పు తీసి లేజర్‌తో కాల్చేస్తే చాలు. కంటి లేజర్ సరిపోతుందా అని అడిగింది. ఎంత వేడి పెట్టాలో లెక్క వేసిచ్చాను. కాల్చేటప్పుడు చెయ్యి వణికితే పక్క తీగ పోతుందని చెప్పాను.

"కంటి మీద వణకలేదండీ" అంది సలోమి.

ఆమె కాగితాలు చుట్టుకుంటుంటే నేను నేరుగా చంద్రావతక్క ఇంటికి వెళ్ళాను. ఆవిడ అన్నం తింటోంది. గుమ్మంలో నిలబడే చెప్పేశాను. చెప్పేశానక్కా, అతుకు ఎక్కడో చెప్పేశాను.

ముద్ద పట్టుకున్న చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"సమావేశం దాకా ఆగలేకపోయావా?"

"ఆగలేకపోయాను."

"నన్నైనా అడగాల్సింది."

"అడిగితే మీరు వద్దనేవాళ్ళు. అప్పుడు మీ మాట కాదని వెళ్ళి ఆమెకి చెప్పాల్సొచ్చేది."

ఆవిడ ముద్ద కంచంలో వదిలేసింది. "తిన్నావా?" అని అడిగింది. లేదన్నాను. తినమని మాత్రం అనలేదు.

శ్రావణం, సోమవారం. దుమ్ము తక్కువ.

సలోమి తెల్లారగానే వెళ్ళిపోయింది. ఆపమని గేటు దగ్గరికి ఎవరూ కబురు పంపలేదు. పంపాల్సింది చంద్రావతక్కే.

భాద్రపదం, ఆదివారం. ఎండ.

సమావేశం. షెడ్డు నిండిపోయి జనం బయట గొడుగులు వేసుకుని నిలబడ్డారు.

నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. కొందరు సుగుణ పేరు విని తలదించుకున్నారు. కొందరు దించుకోలేదు. సంఘంలో నాతో పాటే చేరి పలకలు కడిగే ఈరమ్మ లేచి, "నీకు మంచిపేరు, మాకు పస్తు. అంతేనా వకుళా?" అంది. ఆమెకి ఇద్దరు పిల్లలు, భర్త చూపు పోయిన మనిషి. కాదు అని చెప్పాలనుకున్నాను, చెప్పలేకపోయాను, ఎందుకంటే రేపు ఏమవుతుందో నాకూ తెలియదు.

అప్పుడు మాట తక్కువ నాగేంద్ర లేచాడు. "నేను ఒకటే అడుగుతా. అతుకు మీద ముసుగు పెట్టినప్పుడు, కాపీ చేసినవాడి చిప్ పనిచెయ్యదనుకున్నాం. పనిచేస్తూ చంపుతుందని మనలో ఎవరైనా అనుకున్నామా? అనుకునుంటే ఒప్పుకునేవాళ్ళమా?" అని కూర్చున్నాడు.

రెండు విషయాలకి చేతులెత్తారు. మొదటిది, నన్ను ముసుగు గది నుంచి తీసెయ్యడం. అది సులువుగా అయిపోయింది, చంద్రావతక్క కూడా చెయ్యెత్తింది. రెండోది, ఇకమీదట ఆపే భాగం మీద ఎక్కడా ముసుగు పెట్టకూడదని, ఆ భాగం బొమ్మ అడిగినవాళ్ళకి అడిగినట్టు ఇవ్వాలని. దానికి చేతులు రెండుసార్లు లెక్కపెట్టాల్సొచ్చింది. రెండోసారి లెక్కలో నెగ్గింది. ఆ ప్రతిపాదన పెట్టింది కూడా చంద్రావతక్కే.

వాటా ఉంచారు. రేపటి నుంచి నేను పలకలు కడగాలి, ఈరమ్మ పక్కనే.

భాద్రపదం, గురువారం. దుమ్ము మధ్యస్థం.

ఇది ముసుగు గది నమోదు కాదు ఇక. నా అలవాటు కొద్దీ రాస్తున్నాను.

దిగువ నుంచి వచ్చే ఆర్డర్లు తగ్గాయి. ఈ నెల అందరి జీతంలోనూ కోత పడింది. ఈరమ్మ నాతో మాట్లాడదు. తొట్టి అవతలి నుంచి పలక అందిస్తుంది, నేను అందుకుంటాను. ఇవాళ మాత్రం నా చేతి తొడుగు చిరిగితే, తన జేబులోంచి ఇంకోటి తీసి తొట్టి గట్టు మీద పెట్టి వెళ్ళింది.

సలోమి రేడియోలో కబురు చేసింది. ఉన్నవాటిలో చాలావరకు కాల్చేసిందట. కొన్ని కాపరులు తెరిస్తే అతుకు ఆమె గీసిన చోట లేదట, అచ్చువేసేటప్పుడు కాస్త పక్కకి జరిగినట్టుంది. వచ్చి చూడగలరా అని అడిగింది. సెలవు అడిగితే చంద్రావతక్క "పడవ ఖర్చు సంఘం ఇవ్వదు" అంది. నేను వెళ్ళబోతుంటే, "చూసిరా" అంది.

ఆశ్వయుజం, మంగళవారం. తెప్పల ఊరు. గాలి తేమగా ఉంది.

ఇక్కడ నేల కదులుతూ ఉంటుంది. మొదటిరోజు అన్నం కడుపులో నిలవలేదు. సలోమి ఇంట్లో లేజర్ మెషీనే సగం గది. పక్కకి జరిగిన అతుకుల్ని ఇద్దరం కలిసి వెతికి కాల్చాం. ఆమె చెయ్యి నిజంగానే వణకదు. జనం వరసలో కూర్చుని, జబ్బ చూపించి, కాపరి తీసి ఇచ్చి, మళ్ళీ పెట్టించుకుని పోతున్నారు. నేనెవరో సలోమి ఎవరికీ చెప్పలేదు. గుట్ట మీద నుంచి వచ్చిన చుట్టం అంది.

ఇవాళ తిరుగు ప్రయాణం. పడవ బాలశౌరి అనే పెద్దాయనది. గట్టిమనిషి, తెడ్డు వేస్తూనే మాట్లాడతాడు. ఎదురుగాలి. కొంతదూరం పోయాక ఆయన జబ్బ మీది కాపరి కీచుమంది.

"ఛీ, దీని గోల" అన్నాడు బాలశౌరి. తెడ్డు ఆపలేదు. అది మళ్ళీ కీచుమంది, ఈసారి ఆగకుండా.

"బాబాయ్, షుగర్ పడిపోతోంది, అందుకే మందు ఆపేసింది. మీరు కూర్చోండి" అన్నాను.

"కూర్చుంటే పడవ ఎవరు లాగుతారమ్మా?" అన్నాడు కానీ నుదుటి మీద చెమట, చేతుల్లో వణుకు. కూర్చున్నాడు. పడవ అటూ ఇటూ తిరుగుతూ నీళ్ళ మీద ఊగింది. నా సంచిలో సలోమి కట్టిచ్చిన బెల్లం కొబ్బరి ఉంది, తీసి ఇచ్చాను. పూర్తిగా తిన్నాడు. వేళ్ళు నాక్కున్నాడు. కాసేపటికి మొహంలో రంగు వచ్చింది.

"ఈ సలోమి బాగుచేస్తానని ఏదో చేసింది. ఇదివరకు ఇంత గోల ఉండేది కాదు" అని విసుక్కున్నాడు. "పని మధ్యలో ఆపేస్తోంది. నువ్వేమైనా చెప్పమ్మా ఆమెకి, చుట్టానివి కదా."

"చెబుతాను బాబాయ్" అన్నాను.

ఆయన తెడ్డు అందుకోబోతే ఇంకాసేపు కూర్చోమని, నేను అందుకున్నాను. నాకు తెడ్డు వెయ్యడం రాదు. పడవ చాలాసేపు ఉన్నచోటే తిరిగింది. బాలశౌరి పగలబడి నవ్వి, ఎటు పట్టుకోవాలో చెప్పడం మొదలుపెట్టాడు.